మరిడమ్మ మే పూలు

పందికొక్కు తవ్విన గుంటకి ఒక తీరుంటుంది. మన్ను వెనక్కి ఎగజిమ్మి ఉంటుంది, పక్కనే కొరికి పారేసిన తొక్కలుంటాయి. యాభై ఏళ్లు చెరకు పండించిన సింహాచలానికి ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అందుకే ఆ మంగళవారం పొద్దున్న వీధి చివర టీ తాగి వచ్చి, పెరట్లో దుంపల మడి ముందు గొంతుక్కూర్చున్నవాడు దుంపకొకటిగా గుచ్చిన వేపపుల్లల్లో మూడోదాని దగ్గర మన్ను చూసి చాలాసేపు లేవలేదు. ఎవరో అరచేత్తో నిమిరినట్టు అక్కడ నేల చదునుగా ఉంది. వేలు పెట్టి కెలికాడు. జానెడు లోతు దాకా కెలికాడు. దుంప లేదు.

"పందికొక్కు మన్ను సర్దదు," అనుకున్నాడు. సర్దేది మనిషే కదా.

అవి ఉత్త దుంపలైతే ఇంత బాధ లేదు. అవి మరిడమ్మ దుంపలు. మరిడమ్మ ఆయన భార్య. కిందటి వానాకాలం ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉండి వెళ్లిపోయింది. బుచ్చయ్యపేటలో వాళ్ల పెరటి నిండా మే పూలుండేవి. ఎండలు ముదిరి నేల నెర్రెలిచ్చే వేళకి ఆకూ కొమ్మా లేకుండా బోడి మన్నులోంచి ఒక్క కాడ లేస్తుంది. దాని నెత్తిన చిన్నపిల్లలాడుకునే బంతంత ఎర్రటి పువ్వు. పది రోజులే ఉంటుంది. ఆ పది రోజులూ ఊళ్లో ఆడవాళ్లంతా సింహాచలం పెరట్లోనే ఉండేవారు.

ఆ పూలకి కారణం తన చేతి చలవేనని సింహాచలం గట్టి నమ్మకం. ఏటా పుష్యమాసంలో దుంపలన్నీ తవ్వి తీసి, పిల్లదుంపలు విడదీసి, మడి దున్ని మళ్లీ పాతేవాడు. చెరకు ముచ్చెలు, అంటే గడ ముక్కలు, పాతినట్టే. కాలువ తీసి, వరసగా పడుకోబెట్టి, మన్ను కప్పి, రెండుపూటలా తడి. ముప్పై ఏళ్లలో ఒక్క ఏడు కూడా పువ్వు తప్పలేదు. "మా ఆయన సెయ్యి మంచిదమ్మా, పుల్ల పాతినా సిగురేత్తాది," అని మరిడమ్మ వచ్చిన ఆడవాళ్లందరికీ చెప్పేది. ఈయన అరుగు మీద కూర్చుని విననట్టు వినేవాడు.

ఆవిడ పోయాక కూతురు కుమారి వచ్చి, ఒక్కడివీ ఎలా ఉంటావు నానా అని అనకాపల్లి తీసుకొచ్చేసింది. ఆయన తెచ్చుకున్నవి ఒక ట్రంకుపెట్టె, ఒక గోనెసంచీ. సంచీలో ఇరవై ఒక్క దుంపలు. ఈ వైశాఖంలో ఈ పెరట్లో ఇరవై ఒక్క పూలు లేస్తే మరిడమ్మ ఎక్కడికీ పోనట్టే. లేవకపోతే నిజంగా పోయినట్టే. ఆయన లెక్క అంతే, దానికి తిరుగులేదు.

మరి దొంగ ఎవరు?

ముందు అనుమానం గోడ అవతలి అప్పలనర్సమ్మ మీదకి పోయింది. పోకేం చేస్తుంది? ఆవిడ రోజూ పొద్దున్నే పూలసజ్జ పట్టుకుని బయల్దేరి, ఎవరి గోడ మీంచి ఏ కొమ్మ వేలాడితే ఆ కొమ్మ దులిపేస్తుంది. అడిగితే "దేవుడికే కదా" అంటుంది. దుంపలు పాతిన రోజున గోడ మీద గడ్డం ఆనించి, "అన్నియ్యా, నాకో దుంపియ్యవేటి?" అని అడిగింది కూడా. పూసేక చూద్దాం అన్నాడు. అన్నమాట నచ్చలేదేమో, తానే పుచ్చుకుందేమో.

గురువారానికి మరో రెండు మాయం. సింహాచలానికి కూడు సహించలేదు.

"అమ్మా, ఆ సీసీ కెమెరా ఎంతవుద్దేటి?" అని కూతుర్ని అడిగాడు.

కుమారి పప్పులో తాలింపు వేస్తూ పక్కుమంది. "ఉల్లిపాయలంత దుంపలకి కెమెరా ఏటి నానా? అయ్యేటి బంగారమా?"

"బంగారమయితే మల్లీ కొనుక్కోవచ్చే," అన్నాడు. కుమారి నవ్వు ఆపేసింది గానీ కెమెరా ఊసు ఎత్తలేదు.

కెమెరా లేకపోతే మానె, ముగ్గుపిండి ఉంది. శనివారం టీకి వెళ్లే ముందు మడి నిండా పల్చగా ముగ్గుపిండి జల్లెడపట్టి వెళ్లాడు. కాలు పెట్టినా, వేలు పెట్టినా అచ్చు పడుతుంది. అరగంటలో తిరిగొచ్చాడు. పిండి వేసింది వేసినట్టే ఉంది. అమ్మయ్య అనుకోబోయి, ఎందుకైనా మంచిదని ఏడో పుల్ల దగ్గర కెలికాడు. దుంప లేదు!

దుంప తీసినవాడు మన్ను సర్ది, పైన మళ్లీ ముగ్గుపిండి చల్లి మరీ పోయాడు. ఇంత నేర్పు ఎవరికుంది? గోడ వైపు నేల తడిసి మెత్తగా ఉంది, కోడి నడిచినా తెలుస్తుంది. అటు ఒక్క అడుగు పడలేదు. ఇటు గచ్చు వైపు నుంచి వంగితే మాత్రం అడుగుతో పనిలేదు. పిల్లిలా వంటింట్లోకి వెళ్లి ముగ్గుపిండి డబ్బా చూశాడు. మూత మీద ఎర్రమన్ను వేలిముద్ర ఉంది.

దొంగ ఇంట్లోనే ఉన్నాడన్నమాట.

ఇంట్లో ఉన్నది తాను కాక ఇద్దరు. కుమారి వానపామును చూస్తే వీధిలోకి పరిగెత్తే మనిషి, మట్టిలో చెయ్యి పెట్టదు. ఇక మిగిలింది అల్లుడు మహేశ్వరరావు. ఆర్టీసీలో కండక్టరు. పెళ్లయి పన్నెండేళ్లయినా మామగారితో పన్నెండు మాటలు మాట్లాడి ఉండడు. బస్సులో అంతమందితో అరిచి అరిచి ఇంటికొచ్చి నోరు మూసుకుంటాడని కుమారి అంటుంది. నోరు మూసుకునేవాణ్ణి సింహాచలం ఎప్పుడూ నమ్మలేదు.

ఒకసారి అనుమానం మొదలయ్యాక దానికి మేత దొరుకుతూనే ఉంటుంది. ఈయన వచ్చిన కొత్తలో, "ఆ జాగాలో గచ్చు సేయిత్తే బండెట్టుకోడానికి బాగుంటాది," అని అల్లుడు అనలేదూ? పాతిన మూడో రోజున ఈయన రెండు బాల్చీలు పోస్తుంటే, "ఇన్ని నీళ్లు అవసరమేనా మావయ్యా?" అని అడగలేదూ? టికెట్లు కొట్టుకునేవాడు రైతుకి తడి నేర్పుతాడా అని ఆ రోజే ఒళ్లు మండింది. ఇప్పుడు తెలిసింది. మోటారు కరెంటు బిల్లు మీద ఏడుపు, జాగా మీద కన్ను. మూసుకున్న నోటి వెనక ఇంత ఉందా!

గోడ మీది క్యాలెండర్‌లో దుంప పోయిన రోజుకల్లా పెన్నుతో చుక్క పెట్టడం మొదలెట్టాడు. మూడు వారాలు గడిచేసరికి క్యాలెండర్ సాక్ష్యం చెప్పేసింది. అల్లుడు నైట్ హాల్ట్ డ్యూటీకి వెళ్లిన రోజుల మర్నాడు ఒక్క చుక్క కూడా లేదు. ఇంట్లో పడుకున్న రోజుల మర్నాడే అన్ని చుక్కలూ. ఒక పొద్దున్న టీకని బయల్దేరి, సందు మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాడు. మహేశ్వరరావు కుళాయి దగ్గర గోళ్లు రుద్దుకుంటున్నాడు.

"ఏటి బాబూ, బేగి లేచేవు?"

"డ్యూటీ ఉంది మావయ్యా," అని అల్లుడు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తెల్ల తువ్వాలు మీద ఎర్రటి మరక పడింది. అల్లుడి ఇంట్లో ఉంటూ అల్లుణ్ణి దొంగా అనడం ఎలా? కూతురి కాపురం ఏం కావాలి? మింగలేక కక్కలేక నాలుగు రోజులు తిరిగాడు. ఇరవై ఒక్కటిలో పదిహేను పోయాయి.

ఐదో రోజు ఆదివారం. అల్లుడు ముందుగదిలో పేపరు చదువుతున్నాడు. గోడ అవతల అప్పలనర్సమ్మ అంట్లు తోముకుంటోంది. అల్లుణ్ణి అనలేని మాటలు ఆవిణ్ణి అంటే అల్లుడికి తగలాల్సిన చోట తగులుతాయని సింహాచలానికి తోచింది. పెద్దమనిషి తెలివి అలా ఏడిసింది. గోడ దగ్గర నిలబడి గొంతెత్తాడు.

"సచ్చినోళ్ల సొమ్ము ముట్టుకుంటే పురుగులు పడతాయి! పగలంతా మంచోళ్లనాగ తిరిగి, ఆడదాని గుర్తులు పట్టుకుపోతారా? సిగ్గుండాలి!"

అప్పలనర్సమ్మ గిన్నె విసిరికొట్టి లేచింది. "ఎవుల్నంటన్నావు అన్నియ్యా?"

"తగిలినోళ్లకి తగుల్తాది."

"నన్నేనా? పువ్వులు కోత్తాను గానీ నేను దొంగనా? కుమారీ! ఏమే కుమారీ! మీ నాన్న మాట ఇన్నావా? నా మనవల మీద ఒట్టు, నేనా దుంపలు ముట్టుకునుంటే..." అంటూ ఆవిడ ఏడుపు అందుకుంది. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగారు. కుమారి తడిచేతులతో పరిగెత్తుకొచ్చి, "నానా, ఊరుకో నానా" అని చెయ్యి పట్టుకుంది.

అప్పుడు మహేశ్వరరావు పేపరు మడిచి బయటికి వచ్చాడు.

"ఆవిణ్ణేటీ అనకండి మావయ్యా. నేనే తీసేను."

తాను కోరుకున్న మాటే అయినా, ఇంత తేలిగ్గా బయటపడుతుందని సింహాచలం అనుకోలేదు.

"ఎందుకు తీసేవు?"

అల్లుడు చేతిలో పేపరు ఇంకో మడత పెట్టాడు.

"ఏం సేసేవు వాటిని?"

మహేశ్వరరావు నేల చూశాడు, గోడ చూశాడు, చివరికి కుమారి మొహం చూశాడు. "పారేసేను," అన్నాడు.

"పారేసేవా?" కుమారి తండ్రి చెయ్యి వదిలి మొగుడి ముందుకొచ్చింది. "మా అమ్మ దుంపలు పారేసేవా? నీకేం పోయేకాలం వచ్చింది?"

సింహాచలం కళ్లు ఎర్రబడ్డాయి. పదిహేను మే పూలు, అంటే పదిహేను సార్లు మరిడమ్మ, చెత్తబండిలో పోయింది. ఇంక ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదనుకున్నాడు.

"నేను ఊరెల్లిపోతాను," అని లోపలికి నడిచాడు. "మా తమ్ముడింట్లో ఓ మూల పడుంటాను. నా పెట్టె ఎక్కడెట్టేరు?"

పెట్టె వంటింటి అటక మీద ఉంది. అల్లుడు చివుక్కున తలెత్తి, "నేను దింపుతాను మావయ్యా, మీరెక్కకండి," అన్నాడు. ఆ గొంతులో కంగారుంది. అంతకాలం కంగారు ఎరగని మనిషి ఎందుకు కంగారు పడుతున్నాడు? అనుమానం వదిలిపెట్టని సింహాచలం అతని చెయ్యి తోసేసి స్టూలు వేసుకుని ఎక్కాడు.

ట్రంకుపెట్టె వెనక ఒక కుండ ఉంది. కుండ మూతికి గుడ్డ కట్టి ఉంది. ఆకుపచ్చ గళ్ల గుడ్డ. ఆ గళ్లు ఆయనకి తెలుసు. నూకాలమ్మ తీర్థంలో తాను కొన్న చీర. మరిడమ్మ చిరిగేదాకా కట్టి, చిరిగాక కూడా పారెయ్యకుండా దాచుకుంది. ఆ పేలిక ఇక్కడికెలా వచ్చింది? ముడి విప్పాడు. కుండ నిండా బూడిద. బూడిదలో చెయ్యి పెడితే గుండ్రంగా, గట్టిగా ఏదో తగిలింది. బయటికి తీశాడు. దుంప! మరొకటి తీశాడు. ఒక పక్క కత్తితో చెక్కి, చెక్కిన చోట పసుపు అద్ది ఉంది. ఒక్కొక్కటీ తీసి పంచె చెంగులో వేసుకున్నాడు. పదిహేనూ ఉన్నాయి.

కింద ముగ్గురూ తలలెత్తి చూస్తున్నారు. గోడ దాటి ఎప్పుడు వచ్చిందో అప్పలనర్సమ్మ కూడా ఉంది.

"ఇదేటి బాబూ?" అన్నాడు సింహాచలం, స్టూలు దిగకుండానే.

మహేశ్వరరావు నిట్టూర్చాడు. "అత్తకి మాటిచ్చేను మావయ్యా. ఇంక దాచడానికి నావల్ల కాదు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు డ్యూటీ దిగి రోజూ ఎల్లేవోణ్ణి కదా. ఒకరోజు నన్ను దగ్గిరకి రమ్మని, సీర పేలిక నా సేతిలో ఎట్టి సెప్పింది." పన్నెండేళ్లలో మాట్లాడనివన్నీ ఒకేసారి మాట్లాడాల్సి వచ్చేసరికి తడబడ్డాడు. "మీ మావయ్యకి దుంపంటే సెరకే బాబూ, లోతుగా పాతి, నీళ్లెట్టి కుళ్లబెట్టేత్తాడు అంది. ఏటా మీరు పాతీడం, అత్త తీసీడం. కుళ్లింది సెక్కి, పసుపద్ది, బూడిదలో ఎట్టి అటకెక్కించీసీదట. కొత్తమాస ఎల్లి ఉగాది వచ్చేక మెడ పైకుండేలాగ మల్లీ తనే పాతీదట, మీరేమో మొలకలొచ్చేయనుకునీవోరట. ఆయన సెయ్యి మంచిదని ఊరందరికీ సెప్పేను, ఆ మాట పోనీకు, ఆయనకి మాత్రం తెలీనీకు అంది. అందుకే పారేసేనన్నాను."

"అబద్ధం," అన్నాడు సింహాచలం.

అన్నాక ఆయనకి పూడిమడక గుర్తొచ్చింది. ఏటా దుంపలు పాతిన వారం తిరక్కుండా మరిడమ్మకి పూడిమడక ఎండుచేపల మీద మనసు పోయేది. సంతలో దొరికేవి బాగోవనేది, నువ్వెళ్లి చూసి తేవాలనేది. ఈయన బస్సెక్కి వెళ్లి, సముద్రం ఒడ్డున బేరాలాడి, పొద్దుగూకేసరికి ఇల్లు చేరేవాడు. అప్పటికి ఆవిడ స్నానం చేసి, తల ఆరబోసుకుని ఉండేది. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఈయన అనుమానించలేదు. అందర్నీ అనుమానించే మనిషి, అనుమానించాల్సిన ఒక్క మనిషినీ వదిలేశాడు.

స్టూలు దిగి, దుంపలు కుమారి కొంగులో పోసి, గునపం పట్టుకుని పెరట్లోకి నడిచాడు. మడిలో మిగిలినవి ఆరు. మొదటి పుల్ల దగ్గర తవ్వాడు. దుంప చేతికొచ్చింది గానీ పట్టుకోగానే చితికి వేళ్ల మధ్య నుంచి జారింది. కుళ్లు వాసన గుప్పుమంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోది సగం బాగుంది. ఐదు, ఆరు పైపొరలు మాత్రమే మెత్తబడ్డాయి. మంచివి మూడింటినీ రెండు చేతుల్లో పెట్టుకుని, కుళ్లిన మట్టిలో అలాగే చతికిలబడిపోయాడు.

"నా సెయ్యే," అన్నాడు. "నా సెయ్యే వీటిని సంపేత్తంది." ఏడవడం ఆయనకి అలవాటు లేదు. అందుకని చిన్నపిల్లాడిలా పెద్దగా ఏడ్చాడు. మరిడమ్మ పోయిన రోజున కూడా అంత ఏడవలేదు.

మహేశ్వరరావు పక్కన కూర్చుని, ఆ మూడు దుంపలూ మెల్లగా తీసుకున్నాడు. ఎక్కడిదాకా చెక్కాలో వేలితో చూపించాడు. కుమారి పసుపు తెచ్చింది. అప్పలనర్సమ్మ ముక్కు చీదుకుంటూ, "మా పొయ్యిలో కట్టెల బూడిదుంది, తెత్తానుండండి," అని వెళ్లింది. సింహాచలం ఆవిడ వెనకే గోడ దాకా వెళ్లి, "సెల్లీ, తప్పయిపోనాది. పూసేక నీకు రెండు దుంపలు," అన్నాడు. "పూసేక కాదు, పాతినప్పుడే ఇయ్యి," అంది ఆవిడ, ఇంకా కోపంగానే.

ట్రంకుపెట్టె అటక మీదనే ఉండిపోయింది. దాని వెనక కుండలో పద్దెనిమిది దుంపలు బూడిదలో పడుకున్నాయి.

మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకని బయల్దేరిన మహేశ్వరరావు పెరటి గుమ్మంలో ఆగిపోయాడు. మామగారు మడి మళ్లీ చదును చేసి, కాలువలు తీసి, వేపపుల్లలు ఇరవై ఒక్కటీ ఎక్కడివక్కడ గుచ్చేశాడు. బాల్చీలోంచి చెంబుతో నీళ్లు ముంచి, ఒక్కో పుల్ల మొదట్లో పోస్తున్నాడు.

"మావయ్యా, అందులో ఏటీ లేవు కదా. అన్నీ అటక మీదే ఉన్నాయి."

"తెలుసు బాబూ."

"మరి నీల్లెందుకు?"

సింహాచలం ఇంకో చెంబు ముంచాడు. తరవాతి పుల్ల దగ్గరికి జరిగాడు. చుట్టూ ఎవరూ వినడం లేదు కదా అన్నట్టు ఒకసారి గోడ వైపు, ఒకసారి ఇంటి వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"నాకు తెలిసిపోనాదని మీ అత్తకి తెలీకూడదు."